మియ్యమ్మ నేర్పిన మాట

నన్ను ఆ కుప్పం బడికి పంతులమ్మగా వేసినప్పుడు నెల్లూరులో మావాళ్ళంతా జాలిపడ్డారు. ఒక పక్క పులికాటు సరస్సు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో ఇసుకదిబ్బ మీద చేపలు పట్టేవాళ్ళ తాటాకు ఇళ్ళు, అదే కుప్పం. దొరవారిసత్రంలో రైలు దిగి బండెక్కాలి, బండి దిగి పడవెక్కాలి. "అక్కడ నీతో మాట్లాడే మనిషైనా దొరుకుతుందా ఆనందకుమారీ?" అంది మా అక్క. దొరికింది. ఒక మాట కోసం ఊరంతటికీ ఎదురు తిరిగిన మనిషే దొరికింది. ఆమె పేరు మ్యా తిన్. బర్మా మనిషి. కుప్పంలో నోరు తిరగక అందరూ మియ్యమ్మ అన్నారు.

ముందే చెబుతున్నాను, నేను ఈ కథ చల్లగా చెప్పలేను. పరాయి దేశంలో బతుకుతూ, అక్కడి మాటను పడుతూ లేస్తూ నేర్చుకునే మనిషిని చూసి పళ్ళికిలించే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ నవ్వేవాణ్ణి తీసుకుపోయి రంగూన్ రేవులో వదిలిపెడితే మంచినీళ్ళు అడిగి తాగడం చేతగాక నాలుక పీక్కుపోయి చస్తాడు.

మియ్యమ్మ మొగుడు ముత్యాలయ్య కుప్పంలో పుట్టినవాడే. మీసాలు రాకముందే రంగూన్ పోయి, నదిలో జనాన్ని ఆ గట్టు నుంచి ఈ గట్టుకు దాటించే పడవ నడిపాడు. గట్టు మీద ఉడకబెట్టిన మొక్కజొన్న కండెలు అమ్మే పిల్ల మ్యా తిన్. కండెలు కొని కొని మాట నేర్చుకున్నాడు, మాట నేర్చుకుని పిల్లను చేసుకున్నాడు. ఇక్కడ తండ్రి వేటకు పోయి సముద్రంలో కలిసిపోయాడనీ, తల్లి ఒంటరిదైందనీ కబురు అందితే యాభైతొమ్మిదిలో పెళ్ళాన్ని వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు.

తల్లి కామమ్మ కొడుకునూ కోడలినీ చూసి మొదట అన్న మాట, "నీ జిమ్మడ, ఎంత చిక్కిపోయినావురా! ఈ పిల్లకు కూడు పెట్టినావా లేదా, సచ్చినోడా!" కామమ్మ నోరు అలాంటిది. ఆమెకు తిట్టు లేకుండా ప్రేమ చెప్పడం రాదు. పిల్లిని తిట్టేది, పొయ్యిని తిట్టేది, గాలి తిరిగితే గాలిని తిట్టేది. తిట్టినంతసేపూ చేత్తో పెడుతూనే ఉండేది.

మియ్యమ్మకు తెలుగు వచ్చింది ఆ నోట్లోంచే. నేను పలకా వాచకమూ పట్టుకుని పోయి అల, వల, పలక అని చదివించబోయాను. కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒక సాయంత్రం పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "పంతులమ్మా, ఈ మాటలు అరవవు, ఏడవవు. మా అత్త మాటలే నాకు మేలు" అంది. నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఆమె చెప్పింది నిజం. వాచకంలో వల ఉంది గానీ, వల చిరిగితే ఏమని మొత్తుకోవాలో లేదు.

పేరు మార్చుకోమన్నారు. ఇంట్లో దీపం పెట్టే మనిషికి మన పేరుండాలి గదా అని ఆడవాళ్ళు తలా ఒక పేరు తెచ్చారు. "మా అమ్మ పెట్టిన పేరు. తిరగకపోతే మీ నోళ్ళు బాగు చేసుకోండి" అంది. వచ్చిన ఏడాదికే ఆ మాట అనగలిగింది. అప్పుడే అనుకున్నాను, ఈ మనిషికి తెలుగు వచ్చినట్టేనని.

అయితే ఆ తెలుగు మొత్తం కామమ్మ తెలుగు. ఒకనాడు కుప్పం పెద్ద కామాక్షయ్య ఎండలో వాళ్ళ వాకిటి ముందు నుంచి పోతున్నాడు. తీర్పులు చెప్పే మనిషి, తలపాగా లేకుండా బయట కనబడడు. మియ్యమ్మ చేపలు ఎండబెడుతూ చూసి, నిండు మర్యాదగా, నవ్వుతూ, "ఏరా కామాక్షీ, నీ జిమ్మడ! ఎండలో తిరగతా ఉండావే, లోపలికొచ్చి మజ్జిగ తాగి ఏడువు!" అని పిలిచింది. చిన్నప్పుడు చంకనెత్తుకు తిరిగిన కామమ్మ అతన్ని ఎప్పుడూ అలాగే పిలిచేది. పెద్దమనిషిని అలాగే పిలవాలని కోడలు నేర్చుకుంది. వీధిలో వాళ్ళు పగలబడి నవ్వారు. కామాక్షయ్య నవ్వలేదు, మజ్జిగా తాగలేదు.

ఇంత వరకూ నవ్వులాటే. తరువాతది నవ్వులాట కాదు.

చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది. వేటకు బయలుదేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే ఆ మనిషి తిరిగి రాడని భయం. బయటికి పోయేవాణ్ణి ఎక్కడికని అడగకూడదని మా నెల్లూరులోనూ అంటారు గానీ, మేము కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయలుదేరుతాం. వీళ్ళు ఆ రోజుకు తెప్పే ముట్టరు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. అంత తెలిసిన సంగతి కాబట్టే మియ్యమ్మకు ఎవరూ చెప్పలేదు.

ఆమె దేశంలో సంగతి తలకిందులు. అక్కడ దారిలో మనిషి ఎదురైతే పలకరింపే "ఎక్కడికి పోతున్నావు?" అని. అడగకపోతే మొహం తిప్పుకున్నట్టు. ఒక తెల్లవారుజామున మొగుడికి చద్ది కుండ తీసుకుని మియ్యమ్మ రేవుకు పోయింది. అన్నాళ్ళూ రేవులో అంతమంది మగవాళ్ళ మధ్య మాట తడబడుతుందని తల వంచుకుని పోయేది. ఆ పూట ధైర్యం వచ్చింది. పెద్దా చిన్నా వరస తప్పకుండా, ఎదురైన ప్రతి మనిషినీ పలకరించింది.

"యాడికి పోతుండావన్నా? యాడికి పోతుండావు మామా?"

మొదటివాడు తెడ్డు ఇసుకలో పారేశాడు. రెండోవాడు వల దించాడు. ఆమె ఇంకా నవ్వుతూ పలకరిస్తూనే ఉంది. ముత్యాలయ్య పరిగెత్తుకొచ్చి ఆమె నోరు మూసేసరికి ఒక్క తెప్ప కూడా నీళ్ళ మీద లేదు. ఆ రోజు చేప బాగా పడే రోజు, రేవులో నిలబడితే నీళ్ళు తళతళలాడటం కనబడుతోంది. మగవాళ్ళంతా ఇసుకలో కూలబడి ఆ తళతళను చూస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నానికి పంచాయితీ కూర్చుంది. నేను బడి విడిచిపెట్టి పోయాను. మియ్యమ్మ మధ్యలో నిలబడి ఉంది. భయం ఉంది, తల మాత్రం వంచలేదు.

"మా ఊళ్ళో అడక్కపోతే తప్పు. అడక్కపోతే, నువ్వు యాడ చచ్చినా నాకేం అన్నట్టు" అంది.

"ఇది మీ ఊరు కాదు" అన్నాడు కామాక్షయ్య.

"నేనిప్పుడు ఈ ఊరి దాన్నే. తెలీక అడిగినా. తెలిసింది గదా, ఇంక అడగను."

అక్కడితో విడిచిపెట్టి ఉంటే సరిపోయేది. కామాక్షయ్యకు మజ్జిగ సంగతి ఇంకా కడుపులో ఉంది. తెప్పలు లోపలికి పోయేదాకా రేవులో ఆమె నోరు తెరవకూడదని దురాయి వేశాడు. దురాయి అంటే కుప్పం కట్టడి, దాటితే ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ ఉండవు. మియ్యమ్మ ఆ కట్టడి దాటలేదు. మర్నాటి నుంచి రోజూ అందరికంటే ముందు రేవుకు పోయి, నడుము మీద చేతులు పెట్టుకుని, పెదవులు బిగించి, చివరి తెప్ప అల దాటేదాకా నిలబడేది. నోరు తెరవొద్దన్నారు గానీ నిలబడొద్దని ఎవరూ అనలేదు గదా. ఆమె మాటల కంటే ఆ నిలబడటమే భరించలేకపోయామని తరువాత మగవాళ్ళే ఒప్పుకున్నారు.

పంచాయితీ అయిన సాయంత్రం కామమ్మ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. నేనూ అక్కడే ఉన్నాను.

"మే, ఆ మాట మీ మాటలో ఎట్టంటారే?"

"ఏ మాట?"

"అదే. నీ కొంప ముంచిన మాట."

మియ్యమ్మ అటూ ఇటూ చూసి, "బే త్వామలొలె" అంది.

కామమ్మ ఆ మాటను నోట్లో వేసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "మా ఆయన ముప్పై నలభై ఏళ్ళు వేటకు పోయినాడు పంతులమ్మా. ఒక్క దినం కూడా యాడికి పోతుండావని అడగలా. ఆయన పోయి రాని దినం కూడా అడగలా, నోరు మూసుకుని చద్దికుండ ఇచ్చినా. మనసులో ఆ మాట అట్టనే ఉండిపోయింది" అంది. ఆమె తిట్టకుండా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. మళ్ళీ వెంటనే గొంతు పెంచింది. "సముద్రంలో గంగమ్మకు బర్మా మాట రాదు గదా! ఇంక నా కొడుకును నేను రోజూ అడగతా. ఎవడేం పీకుతాడో చూస్తా!"

అడిగింది. రోజూ గడపలో నిలబడి, వీధంతా వినేలా కొడుకును బర్మా మాటలో ఎక్కడికని అడిగేది. ముత్యాలయ్య నవ్వుకుంటూ అదే మాటలో జవాబు చెప్పి పోయేవాడు. కొడుకును దీవిస్తోందనుకునేవాళ్ళు పక్కింటివాళ్ళు.

అక్కడితో ఆగలేదు ముసలామె. ఒక మాట రుచి చూసిన నోరు ఇంకో మాట అడిగింది. నీళ్ళను ఏమంటారు, నిప్పునేమంటారు, వానను, ఉప్పును, నడుమునొప్పిని ఏమంటారు? సరిగ్గా పలక్కపోతే మియ్యమ్మ అత్త దగ్గర నేర్చుకున్న విద్యంతా అత్త మీదే చూపించేది. "నాలిక పైకెత్తమంటే ఎత్తవే, నీ జిమ్మడ! మాట చివర దించు, దించు!" బర్మా మాటలో గొంతు ఎక్కడ పైకి పోవాలో ఎక్కడ దిగాలో తప్పితే మాటే మారిపోతుందట. కామమ్మ తప్పు పలికి, కోడలు పొట్ట పట్టుకుని నవ్వితే, తానూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. వేలిముద్ర వేసే మనిషి, కుప్పం దాటి సూళ్ళూరుపేట కూడా చూడని మనిషి, మంచం మీద కూర్చుని ఇంకో దేశంలో తిరిగేది. ఆ అందం నేను చూశాను. ఎవరు కాదన్నా ఒప్పుకోను.

అరవైనాలుగులో తుఫాను వచ్చింది. ముందురోజు వేటకు పోయిన మూడు తెప్పల్లో రెండు తిరిగొచ్చాయి. ముత్యాలయ్య తెప్ప రాలేదు.

ఏడ్చేవాళ్ళు ఏడుస్తుండగానే గుసగుసలు మొదలయ్యాయి. రంగూన్ నుంచి తిరిగొచ్చినవాళ్ళెవరో ఆ బర్మా మాట అర్థం బయటపెట్టారు. రోజూ గడపలో అడిగింది దీవెన కాదు, అడగకూడని మాటేనని తేలింది. ఇంకేముంది, రంగూన్ దెయ్యం అత్తకు ఆ మాట నేర్పి మొగుణ్ణి మింగిందన్నారు. చిట్టమూరు వైపు కాపురమున్న ముత్యాలయ్య అక్క మాలకొండమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి, వచ్చీరాగానే మియ్యమ్మ జుట్టు పట్టుకుంది.

కామమ్మ కూతురి చెయ్యి విడిపించి, వీధి మధ్యకు వచ్చి నిలబడింది. కొంగు జారిపోయినా చూసుకోలేదు.

"అడిగింది అది కాదు, నేను! రోజూ నేనే అడిగినా. ఆ దినం కూడా నేనే అడిగినా. వాడు నవ్వతా జవాబు చెప్పి పోయినాడు. నా కొడుకును నేనే తిన్నానంటారా? అనండి, నా మొహాన అనండి! మా ఆయన్ని ఒక్క దినం అడగలేదు గదా, ఆయనెందుకు రాలా? చెప్పండిరా సచ్చినోళ్ళారా!"

ఏం చెబుతారు? కానీ నోరు మూసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. మాలకొండమ్మ, "ఆ రంగూన్ ముండ ఈ ఇంట్లో ఉన్నంత కాలం నేను ఈ గడప తొక్కను" అని ఒట్టు పెట్టుకుని పోయింది. ఆమెనూ నేను పూర్తిగా తప్పు పట్టలేను. ఒక్కగానొక్క తమ్ముడు. ఎవరి మీదో ఒకరి మీద పడి ఏడవాలి గదా, సముద్రం జుట్టు పట్టుకోలేం.

ఇద్దరాడవాళ్ళూ ఆ ఇంట్లో మిగిలారు. చేపలు ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని, మియ్యమ్మ ఊళ్ళు తిరిగి అమ్మేది. ఇంట్లో అత్తాకోడళ్ళు బర్మా మాటే మాట్లాడుకునేవాళ్ళు. పంతం అదే. ఏ మాట కోసం ఊరు మొహం తిప్పుకుందో ఆ మాటనే పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంటి నిండా నింపారు. కామమ్మ తిట్లు కూడా బర్మాలోకి మారాయి. అవి వినడానికే నేను పోయేదాన్ని. నాకు అర్థమయ్యేవి కావు గానీ కడుపు నిండేది.

మూడేళ్ళకు కామమ్మ మంచాన పడింది. ఈసారి లేవదని అందరికీ తెలిసింది. మాలకొండమ్మకు కబురు పంపాం. పొద్దున్నే బయలుదేరి, నడిచీ పడవెక్కీ, ఎండ తగ్గే వేళకు చేరింది. ఒట్టు గుర్తుంచుకుని గడప బయటే నిలబడింది. పెదవులు ఎండిపోయి, కాళ్ళు మోకాళ్ళ దాకా మట్టి. తల్లి కళ్ళు తెరిచి గడపలో కూతుర్ని చూసింది. చూసి, తల కోడలి వైపు తిప్పి, మాలకొండమ్మ పేరు పెట్టి, బర్మా మాటలో ఏదో అంది. గొంతులో బలం లేదు, పేరొక్కటే అందరికీ తెలిసింది. మియ్యమ్మ తల ఊపింది. కామమ్మ కళ్ళు మూసింది. మళ్ళీ తెరవలేదు.

మాలకొండమ్మ గడప దాటి లోపలికి పడింది.

ఆ వైపు ఆడవాళ్ళు చనిపోయిన మనిషి తల దగ్గర కూర్చుని మాటలతో ఏడుస్తారు. ఊరికే కన్నీళ్ళు కాదు. నువ్వు నాకిది చేశావు, నాకిది చేయకుండా పోయావు, నన్ను ఎవరికి వదిలావు అని వరస కట్టి, రాగం తీసి చెబుతారు. అలా శోకం పెట్టినవాళ్ళే ఆ ఇంటి మనుషులు. కోడలు శోకం పెట్టకపోతే ఆమెకు ఆ ఇంటితో తెగిపోయినట్టే.

మియ్యమ్మ లేచి తల దగ్గరికి పోబోయింది. కామాక్షయ్య వాకిట్లోంచే కేక పెట్టాడు. "ఆగు! మన మాటలో శోకం పెడితే కోడలివి. ఆ బర్మా మాట నీ నోట్లోంచి ఒక్కటి వచ్చిందా, రేపు పొద్దున్నే కుప్పం దాటాల. ఇంక నిన్ను కాసే కామమ్మ లేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నీకు తెలుగు బాగా వచ్చు గదా మియ్యమ్మా, నాలుగు మాటలు తెలుగులో ఏడిస్తే పోతుంది. ఈ ఇల్లు పోతే ఎక్కడికి పోతావు?" అన్నాను. రంగూన్‌లో ఆమెకు ఎవరూ మిగల్లేదు. అప్పటికి అక్కడి నుంచి మనవాళ్ళనే ఓడలకెక్కించి పంపేస్తున్నారు. ఆ మొగుడి ఊరు తప్ప ఆమెకు భూమ్మీద ఇంకో చోటు లేదు.

"వచ్చు పంతులమ్మా. వీళ్ళందరికంటే బాగా ఏడవగలను. మా అత్త నేర్పింది" అంది నా చెయ్యి వదిలించుకుని. "ఊరికే ఉంటే తెలుగులోనే ఏడ్చుండేదాన్నేమో. పరీక్ష పెడితే ఏడవను. నేనేం బడిపిల్లనా? ఏడ్చేది ఆమెకు. వినేది ఆమె. ఆమెకు నా మాట తెలుసు."

పోయి తల దగ్గర కూర్చుని, జుట్టు విప్పుకుని, బర్మా మాటలో శోకం పెట్టింది. "అమే, అమే" అని ఎత్తుకుంది. తల్లిని వాళ్ళు అలాగే పిలుస్తారు. ఆ గొంతు పైకి పోయి, అక్కడ ఆగి, విరిగి కిందికి దిగేది. నేను బైబిలు చేత పట్టుకుని ఎన్నో సమాధుల దగ్గర నిలబడ్డాను, అలాంటి ఏడుపు వినలేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కుప్పం ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కామాక్షయ్య మొహం మాత్రం నల్లబడింది.

మట్టి చేసి వచ్చారు. పొద్దున్నే కామాక్షయ్య నలుగుర్ని వెంటేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. మియ్యమ్మ పొయ్యి రాజేస్తూ ఉంది. అతను నోరు తెరిచేలోగా, గోడకానుకుని కూర్చున్న మాలకొండమ్మ అడిగింది. రాత్రంతా ఆ ప్రశ్నతోనే కూర్చున్నట్టు ఆమె కళ్ళు చెబుతున్నాయి.

"మా అమ్మ నా పేరు పెట్టి ఏమనింది?"

మియ్యమ్మ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

"తిట్టిందా? శాపం పెట్టిందా? మూడేళ్ళు రాలేదని, నన్ను తల దగ్గరికి రానీయొద్దనిందా? చెప్పు!"

"చెప్తే నమ్మతావా?"

మాలకొండమ్మ అబద్ధమాడలేదు. "నమ్మను. నువ్వేం చెప్పినా నమ్మను."

"మరి నేనెందుకు చెప్పేది? మంచి మాట చెప్తే, ఇల్లు నిలుపుకునేదానికి కల్పించిందంటావు. చెడ్డ మాట చెప్తే, కసి తీర్చుకుందంటావు. మీ అమ్మ మాట నా నోట్లో పడి అబద్ధమైపోతుంది. నాకది ఇష్టం లేదు. నేర్చుకో. నేను ఈ దేశమొచ్చి మీ మాట నేర్చుకోలా? మీ అమ్మ ముసలి వయసులో నా మాట నేర్చుకోలా? నువ్వూ నేర్చుకో. అప్పుడు నీకే తెలస్తుంది, నా మాట నమ్మే పనుండదు."

కామాక్షయ్యకు సహనం చచ్చిపోయింది. "ఏంది ఈ ఆట? ఆ ముసలామె ఏమనిందో చెప్పేసి, మూట కట్టుకో."

మియ్యమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, గడప మధ్యలో వచ్చి నిలబడింది.

"చెప్పను. పోను."

ఆ రెండు ముక్కల్లో ఉన్నంత తెలుగు నేను ఏ వాచకంలోనూ చెప్పలేదు. కామాక్షయ్య కర్ర పైకెత్తాడు. కొట్టేవాడో లేదో తెలీదు. మాలకొండమ్మ లేచి ఆ కర్రకూ మియ్యమ్మకూ మధ్యలోకి వచ్చింది. ప్రేమతో కాదు, మొహంలో కోపం అలాగే ఉంది.

"ఆగన్నా. ఇది పోతే మా అమ్మ మాట కూడా దీంతోనే పోతుంది. తెలుసుకునేదాకా దీన్ని ఎవురూ కదిలించేదానికి లేదు. నేనొప్పుకోను."

ఇంటి ఆడబిడ్డే అలా అన్నాక కుప్పం ఏం చేస్తుంది? కుప్పం దాటాలన్న ఆ కట్టడిని ఎవరూ ఎత్తేయలేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు.

నెలలో కొన్నాళ్ళు చిట్టమూరు వైపు తన ఇల్లూ పొలమూ చూసుకుని, మిగతా రోజులు మాలకొండమ్మ పుట్టింటికి వచ్చేది. నేర్చుకోవడానికే వచ్చింది, స్నేహానికి కాదని అందరికీ చెప్పేది. ఆమెకు మాట ఒక పట్టాన పట్టుబడేది కాదు. పది మాటలు నేర్చుకుంటే ఎనిమిది మరిచిపోయేది. కోపమొచ్చి గంప తన్నేసి, పడవెక్కి పోయి, మళ్ళీ వారానికి వచ్చేది. మియ్యమ్మ ఒక్కసారి కూడా బతిమాలలేదు. చేపలు ఎండబెడుతూ చేప పేరు, ఉప్పు చల్లుతూ ఉప్పు పేరు, తిడుతూ తిట్టు పేరు చెప్పేది. గొంతు ఎక్కడ దించాలో చెప్పడానికి మాలకొండమ్మ గడ్డం పట్టుకుని కిందికి లాగేది. మొదట్లో ఆ చెయ్యి విసిరికొట్టేది మాలకొండమ్మ. తరువాత తరువాత విసిరికొట్టడం మానేసింది. ఆ రోజులన్నీ నేను బడి అయిపోగానే అక్కడే ఉండేదాన్ని. ఇద్దరు పోట్లాడుకుంటూ ఒక మాటను మధ్యలో పెట్టుకుని లాక్కోవడం చూస్తే, మనుషులకు దేవుడు మాట ఎందుకిచ్చాడో తెలిసినట్టు అనిపించేది. నేనూ కొంత నేర్చుకున్నాను.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, బడికి సెలవులు, నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. పడవ దొరక్క సరస్సు ఎండిన చోట నడిచి వచ్చింది మాలకొండమ్మ. ఇంట్లోకి అడుగుపెట్టే ఓపిక లేక గడప పట్టుకుని నిలబడింది. మియ్యమ్మ గంజి వారుస్తూ ఉంది. తల తిప్పి, ఆమె వాలకం చూసి, ఏ ఆలోచనా లేకుండా, "మాలకొండమ్మ, తమిన్ సాపీబిలా?" అంది.

మాలకొండమ్మ కదల్లేదు. అన్నం అన్న మాట తెలుసు. తినడం అన్న మాట తెలుసు. అయిపోయిందా అని అడిగే చివర తెలుసు. ఎవరూ విడమరిచి చెప్పే పని లేదు. ఆ గొంతు దిగిన చోటు కూడా ఆమె అంతకు ముందు ఒకసారి విన్నదే.

"ఇదేనా?" అంది.

మియ్యమ్మ గంటె పక్కన పెట్టింది. అప్పుడు గానీ తాను ఏమన్నదో ఆమెకూ తెలిసినట్టు లేదు. "ఇదే. నాతో అడిగింది, నువ్వు తిన్నావా అని."

"ఇంత మాత్రం మాటేనా? నేను ఏడాది పొడుగునా... నన్ను శపించిందేమోనని..."

"ఆ దినం చెప్పుంటే నమ్ముండేదానివా?"

మాలకొండమ్మ గడప పట్టుకునే తల అడ్డంగా ఊపింది. కళ్ళ నీళ్ళు మట్టి మొహం మీద చారలు కడుతున్నాయి, తుడుచుకోలేదు. మా ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా, ఖాళీగా ఉన్న తల్లి మంచం వైపు చూస్తూ, ఒక్కొక్క ముక్కే కూడబలుక్కుని, గొంతు దించవలసిన చోట దించి, బర్మా మాటలో జవాబు చెప్పింది.

"మసాయ తేబూ, అమే."

ఇంకా తినలేదమ్మా అని. మియ్యమ్మ కంచం కడిగి అన్నం పెట్టింది.